ఆ ఏడు ముందుగదిలో

మా ఇంట్లో డిసెంబరు అంటే అమ్మ నోటుపుస్తకం. ఎవరెవరికి కార్డులు పంపాలి, ఏ కర్టెను ఏ రోజు ఉతకాలి, చెట్టుకి దీపాల దండ పైనుంచి చుట్టుకు రావాలా కిందనుంచి పోవాలా, అన్నీ అందులో ఉండేవి. క్రిస్మస్ పండక్కి ముందొచ్చే నాలుగు ఆదివారాలకీ నాలుగు పేజీలు. పాస్టరుగారు ఆ నాలుగు వారాలనీ ఎదురుచూసే కాలం అనేవారు గానీ, మా అమ్మ ఎదురుచూడగా నేనెప్పుడూ చూళ్ళేదు. పండగ ఎక్కడుందో అక్కడికే వెళ్ళి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చే మనిషి ఆవిడ.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడు ఆ పుస్తకం రెండో పేజీ దగ్గర ఆగిపోయింది. నాయనమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. పోవడమంటే గొంతు పోలేదు. మనం చెప్పేది తెలిసేది. తను ఏదో చెప్పబోయేది, నోట్లోంచి మాత్రం ఒకే ఒక్క ముక్క వచ్చేది: "అదే, అదే." నీళ్ళు కావాలన్నా అదే, దుప్పటి తియ్యమన్నా అదే, నన్ను పిలిచినా అదే. మేం అందుకోలేకపోతే ఎడం చేత్తో మంచం పట్టె మీద కొట్టేది.

ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు ఒకటికి రెండుసార్లు చెప్పిన సంగతి ఒకటే. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. రాత్రయినా సరే, పండగైనా సరే. లేకపోతే ఒత్తుకున్న చోటల్లా పుండు పడుతుంది, పడ్డాక ఓ పట్టాన మానదు.

మంచం ఎక్కడ వెయ్యాలన్నది పెద్ద సమస్య అయింది. వెనకగదిలో రెండువైపులా మనిషి నిలబడే చోటు లేదు. మిగిలింది ముందుగది. అందులోనూ గాలీ వెలుతురూ వచ్చేది కిటికీ పక్క మూల. ఏటా క్రిస్మస్ చెట్టు పెట్టేది అక్కడే. అమ్మ ఆ మూలనే కాసేపు చూసి, "ఇక్కడే," అంది. చెట్టెక్కడ పెడతామని తమ్ముడు అడిగాడు. ఈసారి చెట్టు లేదంది. వాడు ఏడ్చాడు. నేను ఏడవలేదు గానీ, పెద్దదాన్నయ్యాను కాబట్టి ఏడవకూడదని తెలిసి ఊరుకున్నాను, అంతే.

యేసు పుట్టిన పశువుల పాక బొమ్మలు మాత్రం పెట్టాల్సిందేనని నాన్న పట్టుబట్టారు. పెట్టడానికి కుట్టుమిషను తప్ప వేరే జాగా లేదు. మిషను మూత మీద తువ్వాలు పరిచి, పాత పేపర్లలో చుట్టి దాచిన మట్టిబొమ్మల్ని ఒక్కొక్కటే విప్పి పెట్టాను. ఒంటెకి ఒక కాలు విరిగిపోతే అంతకుముందెప్పుడో నాన్న అగ్గిపుల్ల అతికించారు. ఒక గొర్రెలకాపరికి చెయ్యి లేదు. ఎవరైనా మిషను పక్కనుంచి నడిస్తే చక్రం తగిలి బొమ్మలన్నీ ఒక్కసారి కదిలేవి. నాయనమ్మ పడుకున్న చోటునుంచి అది సరిగ్గా కళ్ళకెదురుగా ఉండేది. అలా కుదిరిందే తప్ప ఎవరూ అనుకుని చేసింది కాదు.

అత్త వస్తున్నట్టు ఉత్తరం లేదు, ఫోను లేదు. ఒక సాయంత్రం మామయ్యనీ, ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని గుమ్మంలో నిలబడింది. అప్పటికి చాలా ఏళ్ళుగా ఆవిడకీ అమ్మకీ మాటల్లేవు. అత్త చేసుకున్నది మా మతంవాళ్ళని కాదు. గొడవకి అదే కారణమని చుట్టాలంతా అనుకునేవారు, కానీ అసలు కారణం ఒక ఉత్తరం. నాయనమ్మని పనిమనిషిని చేశావని అత్త అందులో అమ్మకి రాసింది. ఆ ఉత్తరాన్ని అమ్మ చింపలేదు, జవాబూ రాయలేదు. బీరువాలో పట్టుచీరల కింద దాచింది. కోపాన్ని కూడా మడతపెట్టి భద్రంగా దాచుకునేవాళ్ళు కొందరుంటారు.

ఆ సాయంత్రం అమ్మ గుమ్మం దాకా వచ్చి, పిల్లలిద్దర్నీ చూసి, "కాళ్ళు కడుక్కోండి," అంది. పిల్లలతోనే. తర్వాత లోపలికెళ్ళి తమ మంచం మీది దుప్పటి మార్చి, తలగడల గలేబులు మార్చి, తమ గది వాళ్ళకిచ్చేసింది. నాన్న పరుపు వరండాలోకీ, అమ్మ చాప నాయనమ్మ మంచం కిందికీ వచ్చాయి. పిల్లలం నలుగురం వంటింటికీ ముందుగదికీ మధ్య అడ్డదిడ్డంగా పడుకున్నాం. రాత్రి ఎవరైనా లేస్తే ఎవరో ఒకరి కాలు తొక్కకుండా దాటడం కుదిరేది కాదు.

నాన్నకి నడుం నొప్పి. అందుకని పక్క తిప్పేటప్పుడు అమ్మకి రెండోవైపు నేనే ఉండేదాన్ని. అదెలాగో చెబుతాను. దుప్పటొకటి నాలుగు మడతలు వేసి మనిషి భుజాల దగ్గర్నుంచి తొడల దాకా వీపు కింద పరిచి ఉంచుతాం. ఇద్దరూ చెరోవైపు నిలబడి దాని అంచుని మనిషి ఒంటికి ఆనేదాకా చుట్టి గుప్పిట్లో బిగించి పట్టుకోవాలి. ముందు కాస్త ఎత్తి, తిప్పబోయే వైపుకి ఎదురువైపు జరపాలి, ఆ తర్వాత ఒకరు లాగుతుంటే ఇంకొకరు భుజమూ తుంటీ పట్టి పక్కకి ఒత్తిగిలించాలి. వీపు వెనక ఒక తలగడ, మోకాళ్ళ మధ్య ఇంకొకటి. ఆఖరున కింది దుప్పట్లో ముడతలు లేకుండా అరచేత్తో సాపు చెయ్యాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి తెలియని ముడత కదల్లేని మనిషి చర్మాన్ని కోసేస్తుంది. మడమలు ఎర్రబడ్డాయేమో చూడాలి. ఇదంతా ఇద్దరూ ఒకే లెక్క మీద చెయ్యాలి.

అత్త వచ్చిన రాత్రి, ఎన్నింటికో గానీ, అమ్మ నన్ను లేపుతుంటే చీకట్లోంచి అత్త గొంతు వినపడింది. "పిల్లని పడుకోనీ వదినా. నేను పడతాను."

అమ్మ ఏమీ అనలేదు. దీపం వేసింది. నేను కళ్ళు మూసుకున్నట్టు నటిస్తూ చూస్తున్నాను. ఇద్దరూ చెరోవైపు నిలబడ్డారు. అమ్మ లెక్కపెట్టింది, "ఒకటి, రెండు..." అత్త రెండుకే లాగేసింది. నాయనమ్మ సగం ఇటు, సగం అటు అయిపోయి "అదే అదే" అంటూ పట్టె మీద కొట్టింది.

"మూడుకి," అంది అమ్మ.

"మూడు అంటుండగానా, అన్నాకా?"

అమ్మకి నవ్వొచ్చింది. ఆపుకుంది గానీ నాకు భుజాలు కదలడం కనబడింది. "అన్నాక," అంది.

ఇన్నేళ్ళ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలవి. ఆ ఉత్తరం గురించి వాళ్ళు ఎప్పుడైనా మాట్లాడుకున్నారో లేదో నాకు తెలీదు. నాకైతే మాట్లాడుకోలేదనే అనిపిస్తుంది. కొన్ని సంగతులు తేల్చుకోకుండానే పక్కకి జరిపి దారి చేసుకోవచ్చు. అది సర్దుకుపోవడమని కొట్టిపారేసేవాళ్ళని చూస్తే, వాళ్ళెప్పుడూ రెండు గంటలకోసారి లేవలేదనుకుంటాను.

భక్తి సంగతికొస్తే ఆ డిసెంబర్లో మా ఇంట్లో అది అంత బాగా లేదు. రోజూ రాత్రి కుటుంబ ప్రార్థన అమ్మే చేసేది. నాయనమ్మ ఇంటికొచ్చాక మానేసింది. పాస్టరుగారు చూడ్డానికొచ్చి, ప్రార్థన చేసుకుందామా అమ్మా అంటే, "మీరు చెయ్యండి. నాకు రావట్లేదండీ," అంది మొహం మీదే. నాన్న ఇబ్బందిగా కదిలారు. పాస్టరుగారు మాత్రం నొచ్చుకోలేదు. "రాకపోతే వద్దమ్మా. కీర్తనల గ్రంథంలో దేవుడితో దెబ్బలాడినవే బోలెడు. 88వ కీర్తన చూడు, చీకట్లో మొదలై చీకట్లోనే ఆగిపోతుంది. చివర్లో ఒక్క మంచిమాట కూడా ఉండదు. అయినా దాన్నెవరూ తీసెయ్యలేదు," అన్నారు. తర్వాత ఆయన కూడా ప్రార్థన చెయ్యలేదు. నాయనమ్మకి నోరు కడిగే వేళైతే గిన్నె పట్టుకుని కూర్చున్నారు. విశ్వాసం గురించి నేను విన్న ప్రసంగాల్లో చాలావాటికంటే ఆ గిన్నె పట్టుకున్న చేతులే నాకు బాగా గుర్తు.

కేరల్స్ పాడేవాళ్ళు ఎప్పట్లాగే రాత్రి పూట వచ్చారు. జబ్బు మనిషి ఉంది, గట్టిగా పాడకండని నాన్న గేటు దగ్గరే చెప్పారు. లోపలికి పట్టినంతమంది వచ్చారు, మిగతావాళ్ళు మెట్ల మీద నిలబడ్డారు. డప్పు లేదు, గిటారు ఒక్కటే. నాయనమ్మకి చిన్నప్పట్నుంచీ వచ్చిన పాత కీర్తన ఎత్తుకున్నారు. మొదటి చరణం సగంలో ఉండగా, మంచం పక్కన నిలబడ్డ అత్త వాళ్ళ అబ్బాయి, "అమ్మమ్మ పాడుతోంది," అన్నాడు.

నిజంగానే పాడుతోంది. పెదవి కుడివైపు జారిపోయి, మాట ముద్దముద్దగా ఉన్నా, మాటలన్నీ ఉన్నాయి. "అదే" తప్ప ఏమీ రాని నోట రెండో చరణం కూడా వచ్చింది. అందరూ గొంతులు తగ్గించేశారు. పాట అయిపోయాక నాన్న ఆత్రంగా, "అమ్మా, నన్ను పేరుపెట్టి పిలువు," అన్నారు. "అదే," అంది నాయనమ్మ.

అద్భుతమన్నారు వచ్చినవాళ్ళు. డాక్టరుగారిని అడిగితే, ఇలా కొందరిలో చూస్తుంటామని చెప్పారు. చాలామందిలో మాట్లాడే పని ఎక్కువగా మెదడు ఎడమవైపుది. అక్కడ దెబ్బ తగిలితేనే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోవడంతో పాటు మాటా పోతుంది. రాగానికి, కంఠస్థం వచ్చిన పాటకి కుడివైపు కూడా ఆసరా ఇస్తుంది. పాట ద్వారా మాట నేర్పే చికిత్స పద్ధతి ఒకటి 1973 నుంచీ ఉందని ఎన్నో ఏళ్ళ తర్వాత చదివాను. కారణం తెలిశాక అద్భుతం తగ్గిపోతుందంటారు కొందరు. నాకలా అనిపించలేదు. అమ్మకీ అనిపించినట్టు లేదు. ఆ రాత్రి అందరూ వెళ్ళాక నాయనమ్మ తల దువ్వుతూ అదే కీర్తన కూనిరాగం తీసింది. ప్రార్థన రావట్లేదన్న మనిషికి పాట వచ్చింది.

అసలు నేను చెప్పాలనుకున్నది మాస్టారి గురించి.

పక్కింట్లో రిటైరైన మాస్టారు ఉండేవారు. ఒంటరి మనిషి. దేవుడు లేడని కచ్చితంగా నమ్మిన మనిషి, దాన్ని దాచుకునే అలవాటు కూడా లేదు. నాయనమ్మా ఆయనా ప్రహరీగోడకి ఇటూ అటూ నిలబడి వాదించుకోవడం మాకు రోజూ సినిమా. నాయనమ్మ పడిపోయాక రోజూ పొద్దున్నే వచ్చి పేపరు చదివి వినిపించేవారు. "ఏం చెల్లెమ్మా, వాదించవేం?" అని మధ్యలో ఆగి అడిగేవారు. ఆవిడ పట్టె మీద కొట్టేది. "సరే, నువ్వే గెలిచావు," అని మళ్ళీ చదివేవారు.

ఇరవై నాలుగు రాత్రి ఆరాధనకి ఎవరు వెళ్ళాలి, ఎవరు ఉండాలి అన్న చర్చ ఆ రోజు మధ్యాహ్నం నుంచీ నడుస్తోంది. నేనుంటానని అమ్మ. నేనుంటానని అత్త. పక్క తిప్పడానికి ఇద్దరు కావాలి కాబట్టి ఇద్దరూ ఉంటామని మళ్ళీ ఇద్దరూ. మాస్టారు అంతా విని, పేపరు మడిచి, "దేవుడి సంగతి మీరు చూసుకోండమ్మా, ఈవిడ సంగతి మేం చూస్తాం," అన్నారు. మేం అంటే ఆయనా, మా మామయ్యా. అంటే మా నాయనమ్మని ఆ రాత్రి చూసుకున్నది ఒక నాస్తికుడూ, ఒక పరమతస్థుడూ. అమ్మ వాళ్ళిద్దర్నీ చెరోవైపు నిలబెట్టి పక్క తిప్పడం నేర్పింది. "మూడు అన్నాక," అని అత్త గుర్తుచేసింది.

ఆరాధనలో అమ్మ పాడిందో లేదో చూళ్ళేదు. ప్రసంగం మొదలైన కాసేపటికే అత్త భుజం మీదికి ఒరిగి నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. మా అమ్మ చర్చిలో నిద్రపోవడమంటే ఎంత వింతో తెలియాలంటే ఆ నోటుపుస్తకం చూసి ఉండాలి. లేపబోతే అత్త నా చెయ్యి పక్కకి తోసింది. ఆఖరి పాటకి అంతా లేచి నిలబడినా వాళ్ళిద్దరూ మాత్రం అలాగే కూర్చున్నారు.

ఇంటికొచ్చేసరికి ముందుగదిలో దీపం వెలుగుతోంది. మామయ్య గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. మాస్టారు భూతద్దం పెట్టుకుని నాయనమ్మ బైబిలు చదువుతున్నారు, అదీ పైకి. మమ్మల్ని చూసి కాస్త సిగ్గుపడ్డారు. "నేను పేపరే చదువుదామనుకున్నానమ్మా. ఈవిడ ఊరుకోలేదు. అదే అదే అని దీన్నే చూపించింది." అని, వెంటనే తన స్వభావానికి వచ్చేసి, "ఇంతకీ మీ పశువులు ఎక్కడున్నాయి ఇందులో?" అని అడిగారు.

మాకర్థం కాలేదు. ఆయన మిషను మీది బొమ్మల్ని చూపించారు. "యేసు పుట్టుక గురించి లూకా రాసింది చదివాను. తొట్టి ఉంది. ఎద్దు లేదు, గాడిద లేదు. సత్రంలో చోటు లేదన్నాడు గానీ, చోటు లేదని చెప్పి తరిమేసిన యజమాని లేడు. మత్తయి రాసిందీ చూశాను. జ్ఞానులు ముగ్గురని లేదు. వాళ్ళు వచ్చింది పాకలోకి కాదు, ఇంట్లోకి. మీరేమో అందర్నీ ఒకేచోట కుక్కారు." చర్చి బల్లల మీద పెరిగినవాళ్ళం మేం. ఒక్కరం కూడా ఆ సంగతి గమనించలేదు. ఎద్దూ గాడిదా బైబిల్లోనే యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలోంచి వచ్చి చేరాయని, 1223లో ఇటలీలో గ్రెచియో అనే చోట అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి నిజమైన గడ్డి, నిజమైన ఎద్దూ గాడిదా తెప్పించి తొట్టి పెట్టి చూపించాడని నేను చాలా తర్వాత తెలుసుకున్నాను. ఆ రాత్రికి మాత్రం మా బొమ్మలన్నీ మాస్టారి ముందు దొంగసాక్షుల్లా నిలబడ్డాయి.

"ఇంకొకటి," అన్నారాయన, ఈసారి గొంతు తగ్గించి. "ఇందులో ఉన్నవాళ్ళని మీరు పెట్టలేదు. లూకా మొదటి రెండు అధ్యాయాల నిండా ముసలివాళ్ళేనమ్మా. జెకర్యా, ఎలీసబెతు, గుళ్ళో ఆ సుమెయోను, అన్న అనే ఆవిడ. ఆ జెకర్యాకైతే మాట పడిపోయింది. కొడుకు పుట్టి పేరు పెట్టేదాకా ఒక్క మాట లేదు. పేరేం పెట్టాలంటే పలక అడిగి రాసి చూపించాడు. మాట వచ్చాక ఆయన చేసిన మొదటి పని స్తుతించడం. అది చదువుతుంటే మీ అత్తగారు నా చెయ్యి వదల్లేదు."

అమ్మ బైబిలు అందుకుంది. మంచం అంచున, బయటికెళ్ళొచ్చిన చీరతోనే కూర్చుని, ఆయన తెరిచి ఉంచిన చోటునుంచి పైకి చదివింది. పసివాడైన యేసుని దేవాలయానికి తీసుకెళ్ళిన చోటు అది. బీదవాళ్ళు గొర్రెపిల్లని ఇవ్వలేకపోతే రెండు పక్షులిస్తే చాలన్న వెసులుబాటు ధర్మశాస్త్రంలో ఉంది. మరియ, యోసేపులు ఇచ్చింది అదే. అక్కడ అమ్మ కాసేపు ఆగింది. ఎందుకాగిందో నేనడగలేదు. ఆ ఏడు తను చెయ్యలేకపోయినవన్నీ మనసులో తిరిగాయేమో. మళ్ళీ చదివి, అధ్యాయం పూర్తయ్యాక, ఎవరూ అడక్కుండానే చిన్న ప్రార్థన చేసింది. మాస్టారు కళ్ళు మూసుకోలేదు గానీ లేచి వెళ్ళిపోనూ లేదు.

మర్నాడు పొద్దున ఆయన ఇంట్లోంచి ఒక పలక, బలపం తెచ్చి నాయనమ్మ ఎడం చేతికిచ్చారు. ఇక్కడ కథ బాగుండాలంటే ఆవిడ ఏదో గొప్పమాట రాయాలి. ఆవిడ రెండు వంకర గీతలు గీసి, పలకని విసిరికొట్టింది. మాట పోయినవాళ్ళకి చాలాసార్లు రాత కూడా పోతుందట. పలక మూల పగిలింది. మాస్టారు ముక్కలేరుతూ, "బళ్ళో కూడా ఇలాంటివాళ్ళు ఉండేవారు," అన్నారు. మాటలు కొన్ని తర్వాత తర్వాత తిరిగొచ్చాయి. నాన్న పేరు వచ్చింది. నా పేరు రాలేదు. తమ్ముడి పేరుతోనే నన్నూ పిలిచేది, నేను పలికేదాన్ని.

ఇంటి దగ్గరే నాయనమ్మకి ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడానికి పాస్టరుగారు వచ్చేసరికి మాస్టారు వాకిట్లోనే ఆయన్ని పట్టుకున్నారు. ఎద్దు, గాడిద, ముగ్గురు జ్ఞానులు, సత్రం యజమాని, అన్నీ వరసగా విప్పారు. పాస్టరుగారు ఓపిగ్గా విని అన్నిటికీ అవునన్నారు. పైగా డిసెంబరు 25 అన్న తేదీ కూడా గ్రంథంలో లేదని, రోములో ఆ రోజున పండగ చేసుకున్నట్టు 336 నాటి లెక్కల్లో కనిపిస్తుందని తనే అందించారు. ప్రత్యర్థి ఇంత తేలిగ్గా ఒప్పేసుకుంటే వాదించేవాడికి ఎంత చిరాకో నాకా రోజే తెలిసింది.

"మరి వచ్చే ఏడు పిల్లల నాటకంలో ఆ యజమాని వేషం తీసేస్తారా?" అని నిలదీశారు మాస్టారు.

"తీసెయ్యొచ్చు మాస్టారూ," అన్నారు పాస్టరుగారు చెప్పులు విడుస్తూ. "కానీ వచ్చే ఏడు ఆ వేషం మా పెద్దమనవడికిస్తానని మాటిచ్చాను. తీసేస్తే మా కోడలు నాతో మాట్లాడదండి."